పంది చెవి సాక్ష్యం

సోమవారం, డిసెంబరు 1, 1817

శాసనసభలో ప్రమాణం చేశాను. బైబిలు మీద పెట్టిన చెయ్యి కొంకర్లు పోయింది. చలి వల్ల.

సభామందిరంలో నిప్పుగూళ్ళు రెండే. రెండూ సభాపతి కుర్చీకి దగ్గర. కొండ జిల్లాల వాళ్ళం వెనక వరుసలో కూర్చున్నాం. మా రాష్ట్రం కొత్తది, రాజధాని ఇంకా కొత్తది. వీధుల్లో చెట్లు కొట్టేశారు గాని మొద్దులు తవ్వలేదు. వాటిని తవ్వించడానికి ఈ సమావేశాల్లోనే డబ్బు అడుగుతారట. నేనుండగా సాగదు. బండి తోలేవాడికి కళ్ళుంటాయి, మొద్దును తప్పించుకుని తోలతాడు.

అక్టోబరులో మా జిల్లా నన్ను గెలిపించింది ఒక్క మాట మీద: లెమ్యుయెల్ ప్రూయిట్ ప్రజల సొమ్ములో ఒక్క సెంటు వృథా పోనివ్వడు. ఆ మాట నిలబెట్టుకోవడానికే వచ్చాను.

బస మిసెస్ లాటన్ గారింట్లో. మంచం పంచుకుంటే అర డాలరు తగ్గిస్తానంది. పంచుకుంటున్నాను. నాతో పడుకునేది బార్నబస్ స్ట్రౌడ్, ఒహాయో నది ఒడ్డు జిల్లా సభ్యుడు, ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లూ సారాకొట్టూ నడుపుతాడట. ఇద్దరు మనుషుల పెట్టు.

"దుప్పటి మీకెంత కావాలో ఇప్పుడే చెప్పండి ప్రూయిట్ గారూ. నిద్రపట్టాక నా చేతుల్లో ఉండదు," అన్నాడు.

సగం చాలన్నాను.

మంగళవారం

నాకు దక్కింది అంచు.

గురువారం, డిసెంబరు 4

నన్ను పరిహారాల కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. ప్రభుత్వ పనుల వల్ల నష్టపోయామని జనం పెట్టుకునే అర్జీలన్నీ మా దగ్గరికే వస్తాయి. ఇవ్వాలో వద్దో, ఇస్తే ఎంతో తేల్చి సభకు చెప్పాలి. సమావేశాలు మొదలై నాలుగు రోజులు కాలేదు, నా పొదుపు పేరు అప్పుడే సభాపతి చెవిన పడిందన్నమాట.

"ఆ పని ఎవ్వరూ ఒప్పుకోరండీ. ఇచ్చినా తిట్లే, ఇవ్వకపోయినా తిట్లే. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి అంటగడతారు," అన్నాడు స్ట్రౌడ్.

అసూయ. పైగా అతన్నే రెండో సభ్యుడిగా వేశారు. మూడోవాడు ఫైలో గేజ్ అనే కుర్ర వకీలు. దాహం వేసినా "చట్ట ప్రకారం" అని మొదలుపెట్టి నీళ్ళడిగే రకం.

మంగళవారం, డిసెంబరు 9

సభ్యులు పొగాకు నమిలి నేల మీద ఉమ్ముతున్నారు. ఇసుక పోసిన చెక్కపెట్టెలు పన్నెండు చేయిద్దామని గుమాస్తా ప్రతిపాదించాడు. తొమ్మిది డాలర్లట! లేచి గంటసేపు మాట్లాడాను. నిన్నంతా అదే చర్చ, ఈరోజంతా అదే. చివరికి పెట్టెల్ని ఎనిమిదికి తగ్గించాను. ప్రజలకు మూడు డాలర్లు మిగిలాయి.

భోజనాల దగ్గర స్ట్రౌడ్ సూపు జుర్రుతూ, "సభ్యులం అరవైమందిమి. తలకి రోజుకి రెండు డాలర్ల జీతం. రెండు రోజులు పెట్టెల గురించే మాట్లాడుకున్నాం. అది కూడా ఓసారి కలిపి చూడండి," అన్నాడు.

సిద్ధాంతం వేరు, కూడికలు వేరు అని చెప్పాను.

గురువారం, డిసెంబరు 11

కమిటీ మొదటి బైఠక్. వచ్చిన అర్జీలన్నీ తిరగగొట్టాను. మచ్చుకి రెండు.

డువాల్ అనే పడవవాడు. ప్రభుత్వ ఫిరంగిని నది దాటిస్తుంటే పడవ మునిగిందట. సైనికులొచ్చి ఫిరంగిని తీసుకుపోయారు, పడవను అక్కడే వదిలేశారు.

"పడవ ఉండేదనడానికి రుజువేది?" అన్నాను.

"నదిలో ఉందండీ."

"మాకు చూపించగలవా?"

"మీరు ఈత కొట్టగలరా?"

రుజువు చాలలేదని రాశాను.

తర్వాత మిసెస్ ఫెంటన్ అనే ముసలావిడ. ప్రభుత్వ ఉత్తరాలు మోసే హర్కారా ఆవిడ గుర్రాన్నెక్కి ఆగకుండా పరిగెత్తించాడట, అది రొప్పి రొప్పి చచ్చిపోయిందట. ఆ గుర్రం ముసలిది కాదనడానికి రుజువేదని అడిగాను.

"ముసలిదైతే మీవాడు దాన్నెందుకు ఎక్కాడు నాయనా?" అంది.

అది ప్రశ్నే గాని సాక్ష్యం కాదని గేజ్ తేల్చాడు. తిరగగొట్టాం. స్ట్రౌడ్ ఒక్కడే అందరికీ ఇద్దామంటాడు.

"మీ కొట్లో అరువిచ్చినట్టు ఇక్కడ ఇవ్వడం కుదరదు," అన్నాను.

"అరువు తీసుకున్నవాళ్ళే నా కొట్టుకి మళ్ళీ వస్తారండీ," అన్నాడు.

శనివారం, డిసెంబరు 13

పత్రికలో నా గురించి రాశారు: "ఖజానా గుమ్మంలో కట్టేసిన కుక్క." రెండుసార్లు చదివాను. మెచ్చుకోలే. కుక్క విశ్వాసానికి గుర్తు.

ఇంటి దగ్గర్నుంచి నా భార్య కెజియా ఉత్తరం రాయలేదు. అంటే అంతా బాగున్నట్టే.

మంగళవారం, డిసెంబరు 16

రోజూ పొద్దున గుమాస్తా కొత్త అర్జీలు చదువుతాడు. ఈరోజు మూడోది అందుకుని, "కెజియా ప్రూయిట్ అనే ఆవిడ విన్నపం," అన్నాడు. ఇంకో ప్రూయిట్ కుటుంబం ఉందేమో అనుకున్నాను. మా జిల్లా పేరు చదివాడు. మా జిల్లాలో కూడా ఇంకో ప్రూయిట్ ఉండవచ్చు అనుకున్నాను.

"నా భర్త ప్రభుత్వ పని మీద ఊళ్ళో లేనందునా, ఉన్నప్పుడు అడిగినా చెయ్యనందునా, నేనే రాసుకుంటున్నాను," అని చదివాడు గుమాస్తా.

సభ ఘొల్లుమంది.

సెప్టెంబరులో మా జిల్లా పౌరసైన్యం మా ఏటిగట్టు పొలంలో కవాతు చేసింది. కవాతు జరిగినన్నాళ్ళూ వాన. తడిసిన సైనికులు మా కంచె కర్రలు పీకి మంటలేసుకున్నారు. కంచె పోయాక పందులు బయటికొచ్చాయి. నాలుగింటిని కోసుకు తిన్నారు. ఇదంతా నిజమే. సైనికులు పోయిన మర్నాడు కెజియా, "ప్రభుత్వాన్ని అడగండి," అంది. వరండా నిండా ఓటర్లున్నారు. "ఖజానా ముందు చెయ్యి చాపడం ప్రూయిట్ల ఇంటా వంటా లేదు," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కెజియా లోపలికి వెళ్ళింది. ఒప్పుకుందనే అనుకున్నాను.

సభాపతి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, "నియమాల ప్రకారం దీన్ని పరిహారాల కమిటీకి పంపుతున్నాను," అన్నాడు.

బుధవారం

నాకు కోపం లేదు.

శుక్రవారం, డిసెంబరు 19

ఈరోజంతా సభ ఈ ఒక్క విషయమే చర్చించింది: పెళ్ళయిన ఆడది తన పేరు మీద అర్జీ పెట్టవచ్చునా? గేజ్ లేచి, "చట్ట ప్రకారం పెళ్ళాం ఆస్తి మొగుడి ఆస్తి. అందుచేత ఆ పందులు అధ్యక్షులవారి పందులు. అర్జీ ఎవరు రాసినా, అడుగుతున్నది అధ్యక్షులవారే," అన్నాడు. ఎనిమిది ఇసుకపెట్టెల వాళ్ళూ ఒకేసారి ఉమ్మారు.

సాయంత్రం పత్రిక: "కుక్క పందులకు పరిహారం అడిగింది."

ఇది మెచ్చుకోలు కాదు.

కెజియాకు గట్టిగా ఉత్తరం రాశాను, అర్జీ వెంటనే వెనక్కి తీసుకొమ్మని. తపాలా ఖర్చు అందుకున్నవాళ్ళే కట్టాలి, రెండు కాగితాలైతే రెట్టింపు. అందుకని ఒకే కాగితం మీద ముందు అడ్డంగా, తర్వాత దాని మీదే నిలువుగా రాశాను. పొదుపు ఇంట్లోనే మొదలవ్వాలి.

శనివారం, డిసెంబరు 27

జవాబు వచ్చింది. జవాబు అంటే, కెజియాయే వచ్చింది. పక్క పొలం వాళ్ళ మంచు మీద జారే బండి ఎక్కి, పిల్లల్ని వాళ్ళ పిన్ని దగ్గర వదిలి, ఒక గోనెసంచీతో దిగింది.

"మీ ఉత్తరం అందింది," అంది గుమ్మంలోనే. "అడ్డంగా రాసింది చదివా. నిలువుగా రాసింది చదివా. రెండూ ఒకటే. నేను వెనక్కి తీసుకోను."

స్ట్రౌడ్ తన బట్టలు మూటకట్టుకుని వంటింటి బల్ల మీదికి మారిపోయాడు. "నువ్వు సుఖంగా పడుకో చెల్లెమ్మా. నాకు ఇక్కడే వెచ్చగా ఉంటుంది."

"మీ పుణ్యం అన్నయ్యగారూ," అంది ఇది. ఎప్పుడు అన్నాచెల్లెళ్ళయ్యారో నాకు తెలియదు.

భోజనాల దగ్గర మిసెస్ లాటన్ కాల్చిన పంది మాంసం వడ్డించింది. కెజియా దాని వంక చూస్తూ కూర్చుంది.

"ఇక్కడ రోజూ మాంసమేనా అండీ?"

"బస డబ్బులోనే," అన్నాను.

"ఇంటి దగ్గర పొద్దున మొక్కజొన్న జావ. రాత్రికి మొక్కజొన్న జావ. మీ చిన్నది అడిగింది, నాన్న వస్తే పంది కూడా వస్తుందా అని."

జావ ఆరోగ్యానికి మంచిదని చెప్పాను. స్ట్రౌడ్ కంచం పక్కకు జరిపాడు. అతను కంచం జరపడం నేనెప్పుడూ చూడలేదు.

"కంచె మాత్రం వేయించా," అంది కెజియా. "చలికాలంలో కంచె లేకపోతే ఆవు కూడా పోయేది. కర్రలు చీల్చేవాడికి ఏమిచ్చానో అడగరేం?"

అడిగాను.

"మా అమ్మ మగ్గం ఇచ్చా."

ఆ మగ్గం మీదే నా పెళ్ళి కోటు గుడ్డ నేసింది. ఇప్పుడు నేను వేసుకున్నది కూడా.

"నాకొక ముక్క రాయాల్సింది," అన్నాను.

"రాస్తే మీరు పొదుపు గురించి రాస్తారు."

ఆదివారం

చర్చిలో ఉపదేశం భార్యలు విధేయులుగా ఉండాలని. కెజియా శ్రద్ధగా విని, బయటికొచ్చాక పాదిరీ గారికి దగ్గు మందు చెప్పింది.

సోమవారం, డిసెంబరు 29

కెజియా అర్జీ మీద విచారణ. ఇది వివరంగా రాసుకోవాలి.

నన్ను తప్పుకోమని కొందరు సలహా ఇచ్చారు. తప్పుకోలేదు. తన పర భేదం లేకుండా తీర్పు చెప్పేవాణ్ణి జనం చూడాలి. చూడటానికి వచ్చారు కూడా. కిటికీల దాకా నిండిపోయారు.

కమిటీ ముందు ఎవరినైనా మర్యాదగా పిలవాలి. అందుచేత పదహారేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి నా భార్యను "మీరు" అన్నాను.

"మీరు ఎక్కడి నుంచి వచ్చారు?"

"మీ ఇంటి నుంచే, అధ్యక్షా."

నవ్వొద్దని జనాన్ని హెచ్చరించాను. "మీరు చెప్పే నష్టానికి రుజువు ఉందా? రుజువు లేని అర్జీలను ఈ కమిటీ ఆమోదించదు."

"తెలుసండీ. అందుకే మోసుకొచ్చా," అని గోనెసంచీ బల్ల మీద బోర్లించింది. సగం కాలిన కంచె కర్రలు దొర్లాయి. వాటి వెనక గుడ్డమూట. విప్పింది. ఉప్పులో ఊరేసిన పంది చెవులు.

గేజ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ప్రతి ఇంటివాళ్ళూ తమ పందుల చెవులకి ఒక గుర్తు కోస్తారు, అది జిల్లా కచేరీలో రాసి ఉంటుంది. మాది కింద గాటు, కొసన కోత. ఇవిగో గాట్లు, ఇదిగో కచేరీ నకలు. సైనికులు మాంసం తిని చెవులు మా బూడిదలోనే పారేసిపోయారు."

"సెప్టెంబరులోనే ఉప్పులో వేశావా?" అన్నాను. "వేశారా," అని సరిదిద్దుకున్నాను.

"ఖజానా ముందు చెయ్యి చాపనని మీరన్న రోజునే వేశా."

స్ట్రౌడ్ ఒక చెవి పైకెత్తి వెలుతురులో చూశాడు. "మంచి జాతి," అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ కెప్టెన్ హాబ్స్ సంతకం చేసిన కాగితం తీసింది. ఆ కవాతు నడిపింది హాబ్సే. ఈ సంతకం ఎలా వచ్చిందని గేజ్ అడిగాడు.

"చర్చి బయట పదిమందిలో అడిగానండీ, కెప్టెన్ గారూ, ఆ వానలో మా పంది మాంసం ఎలా ఉంది అని. చాలా బాగుందమ్మా అన్నాడు పాపం, ఆలోచించకుండా. ఆ ముక్కే రాసిమ్మన్నా."

గేజ్ కాగితం చదివి, నా వంక చూసి, మళ్ళీ చదివాడు. "ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ రోజు కెప్టెన్ గారి డేరాలో అభ్యర్థి ప్రూయిట్ గారు కూడా భోంచేశారట. చట్ట ప్రకారం ఆయన్ని సాక్షిగా పిలవాలి."

"నేను అధ్యక్షుణ్ణి," అన్నాను.

"అధ్యక్షుణ్ణి కాదు, అర్జీదారు భర్తని పిలుస్తున్నాం," అన్నాడు స్ట్రౌడ్.

కుర్చీ దిగి సాక్షుల బల్ల మీద కూర్చున్నాను. చిన్న బల్ల. కెజియా కొంచెం జరిగింది. గేజ్ నా కుర్చీలో కూర్చుని నా చేత ప్రమాణం చేయించాడు.

"డేరాలో ఏం తిన్నారు?"

"మాంసం."

"ఏ మాంసం?"

"అడగలేదు. వాన పడుతోంది. ఓటర్లతో మాట్లాడుతున్నాను."

ఆ మాంసం దేనిదో నేను ఇంతవరకు ఆలోచించలేదు. ఇప్పుడు కూడా కమిటీ అడిగింది కాబట్టి ఆలోచించాను.

కెజియా నెమ్మదిగా నా వైపు తిరిగింది. "బాగుందా అండీ?"

ప్రమాణం చేశారని మరిచిపోవద్దన్నాడు గేజ్.

"బాగుంది," అన్నాను.

జనం నవ్వు తగ్గేదాకా గేజ్ బల్ల బాదుతూనే ఉన్నాడు. నవ్వనిది కెజియా ఒక్కతే.

స్ట్రౌడ్, గేజ్ ఇద్దరూ ఇవ్వాలన్నారు. నేను వద్దన్నాను. ఇద్దరి మాటే నెగ్గింది. గేజ్ పట్టుబట్టి ఒక షరతు చేర్చాడు: నాలుగు పందుల ఖరీదులోంచి అర్జీదారు భర్త తిన్న ఒక పూట భోజనం తగ్గించాలి. ఆ తగ్గింపును నేను బలపరిచాను. ఎంతైనా ప్రజల సొమ్ము.

మంగళవారం

"అధ్యక్షా, ఆ ఉప్పు ఇలా అందిస్తారా?"

పొద్దున ఆవిడ నాతో మాట్లాడింది ఇది ఒక్కటే.

శనివారం, జనవరి 3, 1818

మిసెస్ లాటన్ వంటింటికి వెళితే నిలబడటానికి చోటు లేదు. పొయ్యి పక్కన మిసెస్ ఫెంటన్, గుమ్మంలో డువాల్, బల్ల దగ్గర కలం పట్టుకుని కెజియా. నేను తిరగగొట్టిన అర్జీలన్నీ అక్కడున్నాయి.

"గుర్రానికి ఎన్నేళ్ళో ఎవరికి తెలుసు మామ్మా?"

"నాడాలు కొట్టే కమ్మరికి తెలుసు తల్లీ."

"అయితే కమ్మరి చేత రాయించుకుని రా. డువాల్ బాబాయ్, నీ పడవ బయటికి తియ్యగలవా?"

"ముక్కు భాగం పైకి తేలింది. ఎద్దులుంటే లాగొచ్చు."

"లాగి ఇక్కడికే తెచ్చెయ్. మా అధ్యక్షుల వారికి చూస్తేగాని నమ్మకం కుదరదు."

అందరూ నా వంక చూశారు. నీళ్ళు తాగడానికి వచ్చానని చెప్పి, తాగకుండానే వచ్చేశాను.

శుక్రవారం, జనవరి 9

డువాల్ పడవ వచ్చింది. సగం పడవ. రెండు జతల ఎద్దులు లాక్కొచ్చాయి. సభ ముందు వీధిలో బండి చక్రం మొద్దు మీదికెక్కి విరిగింది, పడవ వీధికి అడ్డంగా కూలబడింది. సభాపతి గారి బండి ఆగిపోయింది. ఆయన బురదలో దిగి నడిచొచ్చి, పడవ ఉన్నమాట సభకు స్వయంగా తెలియజేశాడు.

మధ్యాహ్నం మొద్దులు తవ్వించే పద్దు చర్చ లేకుండా నెగ్గింది. లేచి మాట్లాడబోయాను. "మీ ఆవిడ్ని పిలవమంటారా?" అని ఎవరో అరిచారు. కూర్చున్నాను.

సోమవారం, జనవరి 12

కమ్మరి కాగితం కూడా రావడంతో స్ట్రౌడ్, గేజ్ రుజువులు చాలన్నారు; పడవ, గుర్రం, పందులు మూడూ కలిపి ఒకే బిల్లుగా చేశారు. కమిటీ తరఫున సభలో ప్రవేశపెట్టాల్సింది అధ్యక్షుడే. నేను వద్దని ఓటేసిన నివేదికను నేనే చదివాను. వినపడటం లేదని వెనక వరుస వాళ్ళు అరిచారు. మా కొండ జిల్లాల వాళ్ళే.

ఓటు ఎల్లుండి. నా ఓటు నాకు తెలుసు.

మంగళవారం, జనవరి 13

పొద్దున కెజియాను సభామందిరం చుట్టూ తిప్పి చూపించాను. ఎనిమిది పెట్టెలు చూపించి, మూడు డాలర్లు మిగిల్చిన సంగతి చెప్పాను. మెచ్చుకుంటుందని కాదు. మాటల్లో వచ్చింది.

"మీరు మిగిల్చిన డబ్బు ఎక్కడుందండీ?"

"ఖజానాలో."

"ఖజానాలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పన్నుల నుంచి అని చెప్పబోయాను.

"డువాల్ పడవలోంచి వచ్చింది. ఆ మామ్మ గుర్రంలోంచి వచ్చింది. మా అమ్మ మగ్గంలోంచి వచ్చింది. అది మిగల్చడం కాదండీ. మా దగ్గర తీసుకుని, మిగిలిందని చెప్పుకోవడం."

గొంతు పెంచలేదు. కోపంగా అన్నా బాగుండేది. శాలువా కప్పుకుని ముందుకు నడిచింది. మోచేతి దగ్గర శాలువా చిరిగి ఉంది. కొత్తది నెయ్యాలంటే మగ్గం కావాలి.

దీనికి గట్టి జవాబుంది. రేపు రాస్తాను.

బుధవారం, జనవరి 14

బిల్లు నెగ్గింది. అనుకూలం ముప్ఫై, ప్రతికూలం ఇరవైతొమ్మిది.

ఈ విషయంలో నా వైపు సంగతి స్పష్టంగా రాసి పెట్టుకోవాలి.

గుమాస్తా ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నాడు. తలుపు దగ్గర కెజియా, ఆవిడ పక్కన మిసెస్ ఫెంటన్ నిలబడి ఉన్నారు. నా పేరు పిలిచాడు. లేచాను. "కాదు" అనే అనదలిచాను. గది నిండా పొగ. ఆ పొగ గొంతులో చిక్కుకుంది, దగ్గు వచ్చింది. దగ్గు మధ్యలో ఏదో శబ్దం వచ్చి ఉంటుంది. "ప్రూయిట్, అనుకూలం," అని గుమాస్తా రాసుకున్నాడు. చెవులు బాగా వినిపించే మనిషే.

సరిదిద్దమని అడిగే హక్కు నాకుంది. కాని సవరణ కావాలంటే తీర్మానం పెట్టాలి, దాని మీద చర్చ జరగాలి, మళ్ళీ అరవైమంది పేర్లూ పిలవాలి. దానికి సగం రోజు పోతుంది. సగం రోజంటే ప్రజలకు అరవై డాలర్లు. సభ్యుడి అహం కోసం అంత ఖర్చా? కూర్చున్నాను.

బయటికి రాగానే స్ట్రౌడ్ నన్ను కౌగిలించుకున్నాడు. ఊపిరాడలేదు.

కెజియా కోటు గుండీలు పెట్టుకుంటూ, "దగ్గు తగ్గిందా?" అంది.

"తగ్గింది."

"మంచిది. పదండి, పొయ్యి దగ్గర కూర్చుందాం. మీ చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి."

నా చెయ్యి తన శాలువాలో పెట్టుకుంది. వీధి మధ్యలో. సభ్యులంతా చూస్తుండగా.

సోమవారం, జనవరి 19

ఖజానాలో ఆవిడకు బ్యాంకు నోట్లు ఇవ్వబోయారు. ఊరు దాటితే అవి చెల్లవు, వెండి కావాలంది. వెండి లేదన్నారు. వచ్చేదాకా కూర్చుంటానని అల్లిక సంచీ తెరిచింది. మధ్యాహ్నానికి వెండి దొరికింది.

శుక్రవారం, ఫిబ్రవరి 6

ఇల్లు చేరి వారమయింది. ఆ వెండితో విడిపించిన మగ్గం వంటింటి కిటికీ దగ్గర దాని చోటికి అది వచ్చేసింది. కర్రలు చీల్చేవాడు దాన్ని ఏం చేసుకోవాలో తెలియక మీద గుమ్మడికాయలు పెట్టాడట. నాలుగు పందిపిల్లలు కొన్నాం. చిన్నది వాటికి పేర్లు పెట్టేసింది. ఇక వాటిని కొయ్యడం ఎలాగో నాకు తెలియడం లేదు.

మంగళవారం, ఫిబ్రవరి 17

పొద్దున వాకిట్లో అయిదారు గుర్రాలాగాయి. మా జిల్లా వాళ్ళే, మంచి కోట్లు వేసుకుని వచ్చారు. వచ్చే ఎన్నికల్లో మళ్ళీ నిలబడమని అడగడానికే అయి ఉంటుంది. మొదట వద్దందామని, వాళ్ళు పట్టుబడితే ఒప్పుకుందామని అనుకుంటూ కోటు తొడుక్కుని వరండాలోకి వెళ్ళాను. గొంతు సవరించుకున్నాను.

ముందున్న పెద్దాయన టోపీ తీశాడు. "అమ్మగారు ఉన్నారా అండీ?"

ఒకడి గాదె మీద ప్రభుత్వ సర్వేయర్లు చెట్టు పడగొట్టారట. ఒకడి వంతెన కర్రలు సైన్యం ఎత్తుకుపోయిందట. ఒకడు చంకలో ఏదో మూట పెట్టుకున్నాడు. అందులోంచి ఉప్పు రాలుతోంది.

అందరూ వంటింట్లోకి వెళ్ళారు. వెళుతూ ఒకడు గుర్రం కళ్ళెం నా చేతికిచ్చాడు. కాసేపు పట్టుకున్నాను.

తర్వాత కెజియా గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, నా రాత సభ గుమాస్తాకి అర్థం కావడం లేదట. మీది ముత్యాల్లా ఉంటుంది. వచ్చి కాస్త రాసిపెట్టండి," అంది.

వెళ్ళి రాశాను. సాయంత్రం దాకా రాశాను. ఆ వంతెనవాడు కర్రల లెక్క కొంచెం పెంచి చెప్పాడు. నిలదీసి తగ్గించాను. ప్రజల సొమ్ము ఒకడు కనిపెట్టుకుని ఉండకపోతే ఎలా?

మిగతావన్నీ న్యాయమైనవే. ఆ మాట కూడా రాశాను, కింద, పెద్ద అక్షరాలతో.